సగం బిళ్ళ

మందుబిళ్ళకు బదులు కాల్షియం ముక్కను అత్తగారి అరచేతిలో పెట్టిన మొదటి సాయంత్రం సేదెప్ ముఖం పక్కకు తిప్పుకుంది. అత్తగారు కాలిచ అది గమనించలేదు. ఆవిడకు చూపు ఆనక రెండేళ్ళయింది. ఎప్పటిలాగే ఆ తెల్లటి సగం ముక్కను నాలుక మీద వేసుకుని, పాలు పోసిన ఉప్పు టీతో మింగి, "నీ కడుపు చల్లగుండ, కోడలా" అని దీవించింది. ఆ దీవెన విన్నాక సేదెప్‌కు ఆ పూట రొట్టె తినబుద్ధి కాలేదు.

అత్తను సాధించాలని చేసిన పని కాదది. అత్త లేని కోడలు ఉత్తమురాలని చెప్పుకునేవాళ్ళు చెప్పుకోవచ్చు గాని, వీళ్ళిద్దరి మధ్యా మాటల విసుర్లే తప్ప విషం ఎన్నడూ లేదు. భయంతో చేసిందా పని. ఆ వేసవిలో కాలిచ మూడుసార్లు పడింది. ఒకసారి పెరట్లో, ఒకసారి గుమ్మంలో, మూడోసారి పాలబకెట్టుతో సహా. "కాళ్ళు నావి కానట్టుంటాయే" అనేది. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మరిచిపోయేది. చివరికి ఒకరోజు రెండేళ్ళ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే కునుకు తీసింది. పిల్ల ఒళ్ళోంచి జారి, టీనీళ్ళు కుతకుత ఉడుకుతున్న సమోవర్ పాత్ర కుళాయి పట్టుకుని లేచి నిలబడబోయింది. సేదెప్ పిండి చేతులతో వచ్చి లాక్కోకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

అన్నిటికీ మూలం ఆ బిళ్ళేనని ఆమె అనుమానం. పదకొండేళ్ళ క్రితం కాలిచ భర్తను నది పొట్టన పెట్టుకుంది. మంచు కరిగి నది మట్టిరంగులో పోటెత్తిన వసంతంలో, అవతలి ఒడ్డున ఉండిపోయిన గుర్రం కోసం నీళ్ళలోకి దిగాడట. గుర్రం మూడోనాడు తనంతట తానే ఇంటికొచ్చింది, ఆయన రాలేదు. దాన్ని అవతల వదిలేసి వచ్చింది పదిహేడేళ్ళ కొడుకు ఎసెన్, అంటే ఇప్పుడు సేదెప్ భర్త. ఆ తర్వాత నలభై రోజులు కాలిచ కన్ను మూయలేదు. జిల్లా ఆసుపత్రిలో ఒక డాక్టరు చూసి రెండు వారాలకని ఒక మందు రాశాడు. ఫెనాజెపామ్ అని దాని పేరు. చిన్నది, తెల్లటిది. వేసుకున్న గంటకు గుండెదడ ఆగుతుందని, ఎవరో భుజాల మీద నుంచి మూట దించినట్టుంటుందని, కన్ను దానంతటదే మూతపడుతుందని కాలిచ చెప్పేది. రెండు వారాలు కాస్తా పదకొండేళ్ళయ్యాయి. డాక్టరు ఊరొదిలి వెళ్ళిపోయాడు గాని బిళ్ళ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మొదట్లో రాత్రికి పావు ముక్క సరిపోయేది. తర్వాత సగం కావలసివచ్చింది. ఈమధ్య పొద్దునొక సగం, సాయంత్రమొక సగం. చీటీ అడగకుండా ఇచ్చే చుట్టాలమ్మాయి బజారు మందుల కొట్టులో ఉండనే ఉంది.

సమోవర్ దగ్గర ఆ గండం గడిచిన మర్నాడే సేదెప్ వెళ్ళి ఊరి నర్సు క్లారాను అడిగింది. క్లారా అప్పుడు టీకాల పెట్టె మోసుకుంటూ జీపెక్కబోతోంది. పై మైదానాల్లో గొర్రెల కాపర్ల పిల్లలకు టీకాలు వేసి పది రోజుల దాకా తిరిగి రాదు.

"పదకొండేళ్ళా! మీరు మనిషిని సాకుతున్నారా, మందుల కొట్టునా?" అని క్లారా మెట్టు మీదే ఆగింది. "కాళ్ళు తేలిపోవడం, మతిమరుపు, ఆ కునికిపాట్లు అన్నీ దాని పుణ్యమే. అది మాన్పించాల్సిందే. ముందు ఆవిణ్ణి నా దగ్గరికి పట్టుకురా, అదెలాగంటే..."

డ్రైవరు హారన్ కొట్టాడు. జీపు కదిలింది. సేదెప్ చెవిలో మాన్పించాల్సిందే అన్న మాటే మిగిలింది. తక్కిన సగం విన్నా ఉపయోగం లేదనుకుంది. ఎందుకంటే ఒకప్పుడు ఈ బిళ్ళకే చీటీ రాయనన్నందుకు కాలిచ క్లారాతో మాటలు మానేసింది. క్లారా గుమ్మం తొక్కేకంటే నదిలో దూకుతానంటుంది. అడిగి మాన్పించలేని దాన్ని అడక్కుండా మాన్పించాలని సేదెప్ తీర్మానించుకుంది. అసలు బిళ్ళల అగ్గిపెట్టెను తన పెళ్ళిపెట్టెలో అడుగున దాచి, అలాంటివే తెల్లటి కాల్షియం బిళ్ళలు కత్తితో సగాలుగా కోసి పెట్టుకుంది. కళ్ళు ఆనని మనిషికి మందు అందించేది కోడలి చెయ్యే కదా.

మొదటి నాలుగు రోజులూ ఏ బాధా లేదు. పైగా కాలిచ ముఖం తేటపడింది. మందకొడి నడక పోయి చురుకు వచ్చింది. తప్పిపోయిన సూదులు ఎక్కడ గుచ్చి పెట్టిందో గుర్తు తెచ్చుకుంది. నాలుక్కి కూడా పదును తిరిగొచ్చింది.

"ఏమే కోడలా, ఈ రొట్టె కాల్చావా, ఎండలో ఆరబెట్టావా?"

"మీ పళ్ళు అరిగాయి అమ్మా, నా రొట్టె బాగానే ఉంది."

"నా పళ్ళ మీదికి రాకు. మీ అమ్మ నీకు వంట నేర్పే రోజున జాతరకు పోయినట్టుంది."

సేదెప్ పకపకా నవ్వింది. చూశావా, నా తెలివి అని తనను తాను మెచ్చుకుంది కూడా. ఎసెన్‌కు చెబుదామా అనుకుని, ఇంకో వారం పోనీ, అప్పుడు చెప్తే ఆయనే శభాష్ అంటాడులే అని ఊరుకుంది.

అయిదో రాత్రి కాలిచ నిద్రపోలేదు. ఆరో రోజు టీ గిన్నె పట్టుకుంటే సగం ఒలికింది. చెమటతో జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. కుక్క మొరిగితే చెవులు మూసుకుంది, కిటికీలోంచి ఎండ పడుతుంటే కళ్ళలో కారం కొట్టినట్టుందని దుప్పటి అడ్డం కట్టించింది. ఎందుకు భయమేస్తోందంటే చెప్పలేదు. "ఊరికే, ఊరికే" అంటూ మోకాళ్ళు కావలించుకుని కూర్చుంది. ఏడో రోజు గొర్రెలు ఇంటికి చేరే వేళకు, ఉన్నట్టుండి గుమ్మం వైపు చూసి కొయ్యబారిపోయింది.

"వచ్చాడు."

"ఎవరమ్మా?"

"మీ మామ. గుమ్మంలో నిలబడ్డాడు. నిలువునా తడిశాడు. ఆ కంబళి తడిచిపోతోంది, తీసెయ్యవే."

సేదెప్ గుమ్మం దగ్గరికి వెళ్ళి కంబళి తడిమి చూసింది. పొడిగానే ఉంది. కానీ అదే క్షణంలో పాప కూడా గుమ్మం వైపు చూసి చెయ్యి ఊపింది. కుక్కను చూసి ఊపిందేమో అనుకుందామంటే కుక్క పెరట్లో కట్టేసి ఉంది.

మా లోయలో భయంతో గుండె జారడమంటే మాటవరసకు అనేది కాదు, అదొక జబ్బు. దానికో వైద్యముంది, వైద్యం చేసేవాళ్ళున్నారు. తల్లికి అదే పట్టిందని ఎసెన్ మర్నాడే వెళ్ళి, ఆ వైద్యం చేసే ఉమ్సునాయ్ అవ్వను కారులో తీసుకొచ్చాడు. ఆ ముసలామె ఎవరి దగ్గరా చెయ్యి చాచి ఏదీ అడగదు, ఎవరి ఇంటి గుట్టూ ఇంకో ఇంట చెప్పదు, అందుకే ఆమె మాటంటే ఊరికి గురి. కాలిచ తల మీద తెల్లగుడ్డ కప్పి, దాని పైన చన్నీళ్ళ గిన్నె పట్టుకోమని సేదెప్‌కు ఇచ్చింది. గరిటెలో కరిగించిన సీసాన్ని ఆ నీళ్ళలో పోసింది. చుయ్యిమని ఆవిరి లేచింది. గుడ్డ కింద కాలిచ కీచుమని అరిచింది. 

గట్టిపడిన సీసం ముక్కను ఉమ్సునాయ్ కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసింది.

"తల... భుజాలు... నీళ్ళలోంచి లేచిన మనిషి," అంది మెల్లగా. "ఇది గుండె జారడం కాదురా ఎసెన్. పిలుపు. పోయినవాళ్ళు మీ అమ్మను పిలుస్తున్నారు, మంచం పట్టినవాళ్ళకు చెయ్యి వెయ్యమని, వైద్యం చెయ్యమని. నాకు కూడా ఇలాగే మొదలైంది, నలభై ఏళ్ళ కింద."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే ఇంట్లో చిన్నవాళ్ళ మీదికి పోతుందంటారు."

ఎసెన్ వెంటనే పాప కోసం వెతికాడు. పాప సేదెప్ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ఎత్తుకుని గుండెకు అదుముకున్నాడు. సేదెప్ ఆయన కళ్ళలోకి చూడలేక గిన్నెలో నీళ్ళు పారబోయడానికి బయటికి వెళ్ళింది.

పెళ్ళిపెట్టె మూత ఆ రోజు నాలుగుసార్లు తెరిచింది. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. బిళ్ళ ఆపిన మర్నాడే ఇదంతా మొదలై ఉంటే, తప్పు నాదే అని అప్పుడే ఒప్పేసుకునేది. కానీ నాలుగు రోజులు లక్షణంగా ఉంది కదా మనిషి? మందు వల్లే అయితే అన్నాళ్ళెందుకు ఆగుతుంది? ఒకవేళ నిజంగానే పెద్దల పిలుపైతే, తానిప్పుడు గుట్టుగా మందు వేస్తే, పాప మీదికి వస్తే? పోనీ చెప్పేద్దామంటే, అత్త చేతిలో దొంగబిళ్ళ పెట్టిన కోడలనే పేరు చచ్చినా పోదు, పాప పెళ్ళీడుకొచ్చినప్పుడూ ఊరు అదే తవ్వుతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. పైగా ఉమ్సునాయ్ పక్క వదలకుండా ఉంది. పిలుపు ఒప్పుకోవడానికి దర్గాకు బయల్దేరే మనిషి నోట్లో ఊట నీళ్ళు తప్ప మందూ మాకూ ఏదీ పడకూడదని కట్టడి పెట్టింది.

పదో రోజు పొద్దున కాలిచను కారెక్కించారు. ఎక్కించడమేమిటి, మోసుకెళ్ళారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పిక్కల్లో కండరాలు చర్మం కింద ఎలుకలు పరుగెత్తినట్టు ఎగురుతున్నాయి. "గోడలు దగ్గరికొస్తున్నాయి, గోడలు పట్టుకోండి" అంటోంది. కారులో గోడలెక్కడివి? కొండ వాలులో ఊట దగ్గరున్న దర్గాలో మూడు రోజులు ఉపవాసముంచి, నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టి, పిలుపును ఒప్పుకుంటున్నానని అనిపించాలి. దర్గాలో పంచడానికి ఏడు రొట్టెలు కాల్చి సిద్ధంగా ఉంచమని, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తానని ఎసెన్ చెప్పి వెళ్ళాడు.

సేదెప్ ఏడు రొట్టెలూ కాల్చింది. ఏడోది మాడింది. దాన్ని తీసేసి ఇంకోటి పిసుకుతుండగా రోడ్డు మీద క్లారా జీపు చప్పుడు వినిపించింది. అంతే, పాపను చంకనేసుకుని, రొట్టెల మూట ఎందుకో దాన్ని కూడా పట్టుకుని, పిండి చేతులతోనే పరుగెత్తింది.

క్లారా మొత్తం విన్నది. వింటున్నంతసేపూ ఆమె ముఖంలో రంగులు మారాయి. విన్నాక టీకాల పెట్టెను నేల మీద దించి తల పట్టుకుంది.

"ఒక్కసారే ఆపేశావా? రెండు పూటలదీ?"

"మాన్పించాల్సిందే అన్నావు కదా అక్కా."

"అన్నానే తల్లీ, ఎలాగో చెప్పేలోపు జీపు కదిలింది. పదకొండేళ్ళుగా ఆవిడ ఒళ్ళు ఆ బిళ్ళ మీద ఆనుకుని నిలబడి ఉంది. నువ్వెళ్ళి ఆ కర్ర లాగేశావు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, అట్లా ఉంది నీ వైద్యం."

"నాలుగు రోజులు బాగానే ఉంది అక్కా, అందుకే..."

"ఉంటుంది! ఆ మందు ఒళ్ళోంచి ఒక్కరోజులో పోదు. పొయ్యిలో పిడకలు వెయ్యడం ఆపినా గోడ వెచ్చగానే ఉంటుంది చూడు, అట్లాగ. అది పూర్తిగా చల్లారాకే అసలు గొడవ మొదలవుతుంది. వణుకు, చెమట, లేనివి కనపడ్డం. ఆ తర్వాత మూర్ఛ. మూర్ఛలో మనిషి పోవచ్చు కూడా. బిళ్ళలు ఉన్నాయా, పారేశావా?"

"ఉన్నాయి."

"బతికించావు. తీసుకురా. పాపను పక్కింట్లో ఇచ్చిరా. పద."

జీపులో కొండ ఎక్కుతున్నంతసేపూ సేదెప్ రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకుని, అగ్గిపెట్టెను గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఒక మలుపు దగ్గర ఉండబట్టలేక, "నువ్వు చెప్పవా అక్కా? నీ మాటయితే వింటారు" అని బతిమాలింది.

"నా మాటా? మీ అత్త నన్ను చూస్తే పక్కకు తిరిగి ఉమ్మేస్తుంది. పాత కక్షతో వచ్చానంటాడు మీ ఆయన. నువ్వు చేసింది నువ్వే చెప్పాలి. బిళ్ళ మార్చింది నువ్వని తెలిస్తేనే, ఇది పిలుపు కాదని వాళ్ళు నమ్ముతారు. లేకపోతే ఆవిడ నోట్లో దీన్ని పడనివ్వరు."

సేదెప్ గుప్పిట తెరిచి అగ్గిపెట్టె కేసి చూసింది. జీపు నడవకుండా చెడిపోతే బావుండుననిపించింది. మరుక్షణం ఆ ఆలోచనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

దర్గా ముందు గుడ్డపీలికలు కట్టిన పొదల పక్కన, ఊట దగ్గర కాలిచను కూర్చోబెట్టారు. ఎసెన్ వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకుని ఉన్నాడు. ఉమ్సునాయ్ ఎదురుగా కూర్చుని ఏదో వల్లిస్తోంది. కాలిచ కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. క్లారాను చూడగానే ఎసెన్ ముఖం గంటుపెట్టుకున్నాడు.

"ఈవిణ్ణెందుకు తెచ్చావు? రొట్టెలకు నేనే వస్తానన్నాను కదా!"

సేదెప్ అగ్గిపెట్టెను ఆయన ముందుకు చాచింది.  

"ఏమండీ, ఇది పిలుపు కాదు. నేను చేసింది. అమ్మ బిళ్ళలు నేను మార్చేశాను. పది రోజులుగా అమ్మకు మందే లేదు, నేనిచ్చింది కాల్షియం. పాప సమోవర్ పట్టుకున్న రోజున నా గుండె ఆగిపోయింది, మీకు చెప్పలేదు. మందు ఆపితే బాగుపడతారనుకున్నాను. ఇలా అవుతుందని తెలీదు. చావొచ్చని ఇప్పుడే తెలిసింది. నన్ను తర్వాత ఏమైనా చెయ్యండి. ముందు అమ్మకిది వెయ్యనివ్వండి."

 ఎసెన్ లేచి ఆమె మీదికి వచ్చాడు, చెయ్యెత్తాడు కూడా. ఎత్తిన చెయ్యి దించి, ఏం చెయ్యాలో తెలియనివాడిలా తన టోపీనే నేలకేసి కొట్టాడు.

"అమ్మకు... నా తల్లికి... నువ్వా?"

"ఆగరా," అంది ఉమ్సునాయ్. ఆమె ముఖం పాలిపోయింది. "నలభై ఏళ్ళుగా సీసం పోస్తున్నాను. పిలుపొచ్చినవాళ్ళు ఏడుస్తారు, అరుస్తారు, పాడతారు. పళ్ళు ఇట్లా కొట్టుకోవు, కండలు ఇట్లా ఎగరవు. పొద్దుటినుంచి నాకూ భయంగానే ఉంది. అందరి ముందూ పిలుపని చెప్పాక కాదనడానికి నోరు రాలేదు. అమ్మాయికి వచ్చింది. వెయ్యనీ మందు, ఆసుపత్రికి తీసుకుపో."

సేదెప్ అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని అరచేయి చాచింది. అందులో సగం బిళ్ళ ఉంది. కాలిచ ఆ చేతిని తడిమింది, ముక్కను వేళ్ళతో నలిపి చూసింది, మళ్ళీ సేదెప్ చేతిలోనే పడేసింది.

"సుద్ద," అంది. "నాకు సుద్ద పెట్టావు. నేను నిన్ను దీవించాను."

"ఇది సుద్ద కాదమ్మా."

"రోజూ కాదనే ఇచ్చావు."

సేదెప్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవడానికి టైము లేదని కూడా తెలుసు. పక్కనే ఉన్న మూట విప్పి ఒక రొట్టె తీసి రెండు చేతులా తల మీద పెట్టుకుంది. మావాళ్ళలో దాన్ని మించిన ఒట్టు లేదు. రొట్టె మీద అబద్ధమాడిన మనిషిని ఎవరూ తమ బంతిలో కూర్చోనివ్వరు.

"ఇది అసలు బిళ్ళ కాకపోతే, ఈ రొట్టె నన్ను కొట్టనీ. నా ఇంట్లో పొయ్యి వెలగకుండా పోనీ."

కాలిచ చాలాసేపు ఆమె వైపు, కనిపించీ కనిపించని ఆ ముఖం వైపు చూసింది. తర్వాత చిన్నపిల్లలా నోరు తెరిచింది. సేదెప్ బిళ్ళను నాలుక మీద పెట్టి, ఊట నీళ్ళు దోసిట్లో పట్టి తాగించింది.

దిగే దారిలో, నది వంతెన ఇంకా చేరకముందే మూర్ఛ వచ్చింది. కారు వెనక సీట్లో సేదెప్ ఒళ్ళో తల పెట్టుకున్న మనిషి ఒక్కసారి విల్లులా వంగింది. కళ్ళు తెల్లబడ్డాయి. నోటి నుంచి నురగ వచ్చింది. సేదెప్ వేసిన కేకకు ఎసెన్ కారును రోడ్డు పక్కన గడ్డిలోకి దించేశాడు.

"పక్కకు తిప్పు!" అని ముందు సీట్లోంచి క్లారా అరిచింది. "పక్కకు! నోట్లో ఏదీ కుక్కొద్దు, వేలు కూడా! పట్టి నొక్కకు, తల కొట్టుకోకుండా చూడు చాలు. ఎసెన్, నువ్వు నడుపు, ఇక్కడ ఆగితే చస్తుంది!"

ఎసెన్ నడిపాడు. ఏడుస్తూ నడిపాడు. ఆ మూర్ఛ ఎంతసేపుందో క్లారా గడియారం చూసి తర్వాత చెప్పింది, రెండు నిమిషాలని. సేదెప్‌కు మాత్రం తన పెళ్ళయిన ఆరేళ్ళూ అందులోనే గడిచినట్టనిపించింది. ఊపిరి ఆగిందనుకుంది. అమ్మా అమ్మా అని పిలుస్తూనే ఉంది. చివరికి ఒక పెద్ద గురక వినపడింది. ఆ గురకంత తియ్యని చప్పుడు ఆమె ఇంతవరకు విని ఎరగదు.

ఆసుపత్రిలో సూది వేశారు, సెలైను పెట్టారు. మళ్ళీ మూర్ఛ రాలేదు. డాక్టరు చిన్నమ్మాయి, సేదెప్ కంటే చిన్నదేమో. ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి చీవాట్లు పెట్టింది. పాత మోతాదే మళ్ళీ ఇచ్చి, స్థిరపడ్డాక నెలనెలా కొంచెం కొంచెం తగ్గిస్తారట. తొందరపడకూడదట, ఏడాది పట్టినా పట్టొచ్చట. ఇంకెవరూ ఇంట్లో సొంతంగా ఆపడం, పెంచడం చెయ్యొద్దని మరీ మరీ చెప్పింది.

ఎసెన్ రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు. టీ తెచ్చి ఇస్తే తీసుకున్నాడు, ముఖం మాత్రం చూడలేదు. మంచం పక్క చోటును కూడా సేదెప్‌కు వదిలేసి వరండాలోనే తిరిగాడు. వదిలేసి వెళ్ళిపొమ్మంటాడా, పాపను ఉంచుకుంటాడా అని ఆమె లోపల్లోపల చచ్చిపోతోంది.

మూడో రోజు పొద్దున్నే కాలిచ కళ్ళు తెరిచింది. ఈసారి తేటగా తెరిచింది. సేదెప్ చేతిని వెతుక్కుని పట్టుకుంది.

"డాక్టరమ్మ ఏమంది?"

"తగ్గిస్తారట అమ్మా. మెల్లగా. మొత్తం మానేదాకా."

"మానేశాక ఆయన మళ్ళీ వస్తాడా?"

రాడని చెప్పెయ్యడం తేలిక. కానీ ఈ మనిషికి ఇంకో అబద్ధం చెప్పలేకపోయింది. "తెలీదమ్మా" అంది.

కాలిచ దుప్పటి మెడ దాకా లాక్కుంది. "ఆయన రాకుండా ఉండాలనే పదకొండేళ్ళు అది మింగాను," అంది. "తలుపు గడియలాంటిదే అది నాకు. నన్ను అడక్కుండా తీసేశావు. ఆ భయం నీకు తెలీదు."

"తప్పయిందమ్మా."

"తప్పే. విను. ఆ రోజు ఆయన వెళ్ళనన్నాడు. నీళ్ళు తగ్గాక రేపు చూద్దాం, గుర్రం ఎక్కడికీ పోదు అన్నాడు. నేనే ఎద్దేవా చేశాను. గడ్డం పెంచుకున్న ఆడదానివి అన్నాను. ఆ మాట పడలేక దిగాడు. నేను ఒడ్డున నిలబడి చూశాను." ఆమె వేళ్ళు సేదెప్ మణికట్టును బిగించాయి. "నలభయ్యో రోజు తంతులో అందరి ముందూ శోకాలు పెడుతూ, కొడుకు వదిలిన గుర్రం నిన్ను తీసుకుపోయె అని పాడాను. నోట్లోంచి అలా వచ్చేసింది. అందరూ వాడి వైపు తిరిగి చూశారు. పదిహేడేళ్ళవాడు. ఆ తర్వాత వాడు గుర్రమెక్కలేదు. నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు, బిళ్ళ వేసుకున్నాను."

సేదెప్ వరండా వైపు చూసింది. వరండాలో అటూ ఇటూ తిరుగుతున్న మనిషి ఆరేళ్ళుగా తన పక్కన పడుకుంటున్నాడు, ఆ నింద సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. గుర్రాన్ని వదిలిన తప్పు ఆయనదేనని ఊరంతా చెప్పుకునే కథనే తనూ నమ్మింది. ఇప్పుడు కళ్ళు తుడుచుకుంది, అత్తగారి కోసమో ఆయన కోసమో ఆమెకే తెలియదు.

"పిలువు వాణ్ణి," అంది కాలిచ.

"ఇప్పుడా? కాస్త కోలుకున్నాక..."

"ఇప్పుడే. బిళ్ళ ఒంట్లో ఉండగానే చెప్పాలి, అది తగ్గాక నాకు ధైర్యం ఉండదు. నువ్వు దర్గా దగ్గర వాడి ముందు నిలబడి చెప్పావుగా, నేను విన్నాను. చెప్పి చచ్చిపోలేదుగా నువ్వు?"

"చచ్చినంత పనయింది అమ్మా."

"తెలుసు. అందుకే నువ్వు కూడా ఇక్కడే కూర్చో. చెయ్యి వదలకు."

సేదెప్ ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టి, గుమ్మం దాకా వెళ్ళి, "ఏమండీ, అమ్మ పిలుస్తోంది" అంది. ఎసెన్ కంగారుగా పరుగెత్తుకొచ్చాడు, మళ్ళీ మూర్ఛేమోనని. తల్లి నిటారుగా కూర్చుని ఉండడం చూసి ఆగాడు. సేదెప్ స్టూలు ఆయన వైపు జరిపి, తాను మంచం అంచున కూర్చుని అత్తగారి చేతిని రెండు చేతుల మధ్యకు తీసుకుంది. ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఎసెన్.

 కాలిచ కోడలి చేతిని గట్టిగా నొక్కింది.

"ఎసెన్," అంది, "ఆ రోజు మీ నాన్న వెళ్ళనన్నాడురా."